గంట ఆకారము చాలునా?
సి. ఆర్. రావు గ్రంథమొకటి, యాదృచ్ఛిక సంఖ్యల పాఠము

విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920-2023). సాంఖ్యక శాస్త్రమున ప్రపంచఖ్యాతి నొందిన ఈయన 1987లో రామానుజన్ స్మారకోపన్యాసములు ఇచ్చిరి. అవి 1989లో ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అను పేర గ్రంథముగా వెలువడినవి. యాదృచ్ఛికతను గూర్చి ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ప్రవేశిక దొరకుట అరుదు. అయినను ఈ గ్రంథమును నేటి తరగతికి ఎంతవరకు ఉపయోగింపవచ్చును? దానికి ఉపాధ్యాయుడు చేర్చవలసిన దేమి? ఈ ప్రశ్నలు విచారింపదగినవి.

గ్రంథారంభమున రావు ఒక వింత పుస్తకమును పరిచయము చేయుదురు. 1927లో టిప్పెట్ ప్రకటించిన ఆ పుస్తకములో 41,600 అంకెలు తప్ప మరేమియు లేదు. ఏ అంక తరువాత ఏ అంక వచ్చునో ఊహింపరాదు. అదియే దాని విలువ. మనిషి తన ఊహతో అట్టి వరుసను వ్రాయజాలడా? వ్రాయజాలడని రావు ఉదాహరణపూర్వకముగా చూపిరి. ఆసుపత్రిలో వరుసగా పుట్టిన శిశువులు మగయా ఆడయా అను పట్టిక సంభావ్యతా గణితమునకు సరిపోయినది. నాణెము ఎగురవేసినట్లు ఊహించుకొని విద్యార్థులు వ్రాసిన వరుస సరిపోలేదు. ఈ ఒక్క ఉదాహరణము పది నిర్వచనముల పెట్టు. సామాన్యునకు అర్థమగు మాటలలో కష్టమైన భావమును విప్పుటయే ఈ గ్రంథమునకు బలము.

కాని ఇది ఉపన్యాస సంపుటియే గాని అభ్యాస పుస్తకము కాదు. పైగా ఆంగ్లమున నున్నది. నేటి విద్యార్థి చేతిలో అంకెల పట్టిక లేదు, కంప్యూటరున్నది. పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషలలో ఒక్క ఆజ్ఞ వ్రాసినచో 0కును 1కిని మధ్య నొక సంఖ్య వచ్చును. ఆ అవధిలో అన్ని సంఖ్యలకును సమానావకాశము కలదు. కాని ప్రకృతిలోను, కర్మాగారములోను కనబడు కొలతలు పెక్కింటిలో నడుమ విలువలు అధికముగను, అంచు విలువలు స్వల్పముగను ఉండును. గంట ఆకారముగల ఈ అమరికయే సామాన్య విభాజనము. సమానావకాశ సంఖ్యల నుండి దీనిని సాధించుట ఎట్లు?

ఈ అవసరము క్రొత్తది కాదు. 1934లోనే మహలనోబిస్, ఆయన సహచరులు సామాన్య విభాజనము నుండి తీసిన ప్రతిచయనముల పట్టికలను ‘సంఖ్య’ పత్రికలో ప్రచురించిరి. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఒక సులభోపాయము వ్యాప్తిలోనికి వచ్చినది: పన్నెండు సమానావకాశ సంఖ్యలను కూడి 6 తీసివేయుట. ఫలితములకు అంకమధ్యమము 0, క్రమ విచలనము 1 అగును. చిత్రము గీచిన గంట ఆకారము చక్కగా కనబడును. పాఠములలో నేటికిని దీనిని చూపుచుందురు.

దీని లోపము అంచులలో నున్నది. ఫలితము ఎన్నటికిని 6ను దాటదు. అంతకు ముందే అంచు పలుచబడును. నిజమైన సామాన్య విభాజనములో లక్ష సంఖ్యలకు సుమారు 270 సంఖ్యలు మూడు క్రమ విచలనములకు వెలుపల పడును. ఈ ఉపాయములో సుమారు 200 మాత్రమే పడును. విశాఖ ఉక్కు నగరమున ఒక విద్యార్థి ఇనుప కడ్డీల మందమును అనుకరించి, పరిమితి దాటి తిరస్కరింపబడు కడ్డీలెన్నియో లెక్కించుచున్నాడనుకొందము. పరిమితి మూడు క్రమ విచలనముల యొద్ద నున్నచో, అతని లెక్కలో చెడ్డ కడ్డీలు నాలుగింట ఒక వంతు తగ్గిపోవును. నడుమ భాగమున తప్పు కనబడదు. అవసరమైనచోటనే తప్పు దాగియున్నది.

1958లో బాక్స్, ముల్లర్ అను వారు చూపిన మార్గములో ఈ లోపము లేదు. రెండు సమానావకాశ సంఖ్యలను తీసికొనవలెను. మొదటిదాని సహజ సంవర్గమానమును -2 చేత గుణించి వర్గమూలము తీయవలెను. రెండవదానిని 2π చేత గుణించి, ఆ కోణపు కొసైనుతో వర్గమూలమును గుణించవలెను. కోణము రేడియనులలో నుండవలెను. ఇందొక జాగ్రత్త కలదు: యంత్రము 0ను ఇచ్చుట సాధ్యమే, 0కు సంవర్గమానము లేదు. కనుక మొదటి సంఖ్యకు బదులు, దానిని 1 నుండి తీసివేయగా వచ్చినది వాడవలెను. పైథాన్‌లో ఈ పనికి ‘గాస్’ అను సిద్ధమైన ఆజ్ఞయు కలదు. జావాస్క్రిప్ట్‌లో అట్టిది లేదు. ప్రోగ్రాము వ్రాయువాడే సమకూర్చుకొనవలెను.

సూత్రము సరియైనదైనంత మాత్రమున పరీక్ష అక్కరలేదని తలపరాదు. వేయి సంఖ్యలతో పరీక్షించిన పై రెండు పద్ధతులకు భేదము తెలియదు. వెలుపల పడునవి ఒకచో రెండు, మరియొకచో మూడు ఉండవచ్చును. లక్ష సంఖ్యలు తీసినప్పుడే 270కిని 200కిని గల భేదము బయటపడును. ఇంకొక పరీక్ష వరుసకు సంబంధించినది. లక్ష మంచి సంఖ్యలను చిన్నదానినుండి పెద్దదానికి పేర్చినను గంట ఆకారము చెక్కుచెదరదు. కాని తరువాతి సంఖ్యను సులభముగా ఊహింపవచ్చును గనుక యాదృచ్ఛికత నశించినది. శిశువుల పట్టికతో రావు నేర్పిన పాఠము ఇక్కడ తిరిగి పనికివచ్చును: మొత్తములను మాత్రమే గాక, వరుసలోని గుంపులను కూడ చూడవలెను.

యంత్రము ఇచ్చు సంఖ్యలు కూడ నియమము చొప్పున పుట్టునవే. ఆరంభ సంఖ్యను ఒకటిగా నుంచినచో అదే వరుస మరల వచ్చును. ఇది లోపముగా తోచినను ఉపాధ్యాయునకు మేలే. తరగతిలో అందరి ఫలితములను సరిచూడవచ్చును.

కాబట్టి రావు గ్రంథమును విడువరాదు, దానితోనే నిలిచిపోవనురాదు. మొదటి దినమున విద్యార్థులచేత ఊహించి నాణెపు వరుస వ్రాయించి, రెండవ దినమున పన్నెండు సంఖ్యల ఉపాయమును, బాక్స్-ముల్లర్ మార్గమును ప్రక్కప్రక్కన పెట్టి అంచులు లెక్కింపజేయవలెను. చిత్రము చూచి నమ్మక, లెక్కించి నమ్ముట అలవడినచో ఆ గ్రంథ ప్రయోజనము నెరవేరినట్లే.