ఓడినా వృథా పోని ఆట

2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారులు స్టేడియంలోకి అడుగుపెడుతుంటే మొదట మోగింది ఒక వీడియో గేమ్ బాణీ. ఆ గేమ్ డ్రాగన్ క్వెస్ట్. 1986 మే 27న ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద మొదలైన ఈ రోల్ ప్లేయింగ్ గేమ్‌ల వరస జపాన్‌లో ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది.

రూపకర్త యూజీ హోరీ షోనెన్ జంప్ అనే బొమ్మల కథల వారపత్రికలో రాసేవాడు. విజర్డ్రీ, అల్టిమా అనే అమెరికన్ కంప్యూటర్ గేమ్‌లంటే ఆయనకు మహా ఇష్టం. కానీ అవి కొత్తవాళ్లకు కొరుకుడు పడవు. ఆ రుచిని పిల్లలకు అందించాలి, అదీ 64 కిలోబైట్ల క్యాట్రిడ్జ్‌లో. చోటు చాలక కటకానా అక్షరాల్లో 20 మాత్రమే వాడి రాక్షసుల పేర్లూ మంత్రాల పేర్లూ సరిపెట్టారు.

ఆట మొదలవగానే మనం రాజుగారి ఎదుట, తలుపు మూసిన గదిలో ఉంటాం. పెట్టె తెరవాలి, తాళంచెవి తీసుకోవాలి, తలుపు తీయాలి, మెట్లు దిగాలి. గది దాటేసరికి ఆడే పద్ధతి సగం వచ్చేస్తుంది, పాఠం విన్నట్టే ఉండదు. బయటికి రాగానే నీళ్లకు అవతల శత్రువు కోట కనబడుతుంది. చేరాల్సిన చోటు కళ్లెదుటే ఉంది, దారే తెలియదు. ఇంత సూటిగా కథ ఎత్తుకునే గేమ్‌లు ఈనాటికీ తక్కువే.

అసలు కిటుకు ఓటమిలో ఉంది. అప్పటి ఆటల్లో చాలావాటిలో ప్రాణాలు అయిపోతే మళ్లీ మొదటికే. ఇక్కడ హీరో చచ్చిపోతే రాజుగారి ముందు లేచి కూర్చుంటాడు. చేతిలోని బంగారం సగం పోతుంది గానీ సంపాదించిన అనుభవం పాయింట్లూ లెవెలూ చెక్కుచెదరవు. వేళ్లలో చురుకు లేనివాళ్లు కూడా ఓపిక పడితే చివరిదాకా వెళ్లగలరు. ఆ ఓపిక పేరు చాలాసార్లు విసుగేననుకోండి. ఒకే మైదానంలో అటూ ఇటూ తిరుగుతూ స్లైమ్ అనే బుల్లి రాక్షసులను కొట్టడంలో రసం ఏముంది? అయినా ఆ గంటలన్నీ హుండీలో వేసిన చిల్లరలా మిగులుతాయి. అలా కూడబెట్టిన హీరోని ఎవరూ తేలిగ్గా వదులుకోరు. స్లైమ్ కూడా కొట్టాలనిపించేంత ముద్దుగా ఉంటుంది: హోరీ ఊహించిన జిగురు ముద్దను డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకిరా తోరియామా నవ్వుమొహం నీటిబొట్టుగా మార్చాడు.

మొదటి ఆటను సేవ్ చేసుకునే వీలు లేదు. మళ్లీ కొనసాగించాలంటే తెర మీద వచ్చే 20 అక్షరాల మంత్రాన్ని కాగితం మీద ఎక్కించుకోవాలి. రెండో భాగంలో అది 52 దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పితే అంతే సంగతులు.

మూడో భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం నాడు వచ్చింది. బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరిన పిల్లలను పోలీసులు పట్టుకోవాల్సి వచ్చింది. ఇందులో తోటివాళ్లను సత్రంలో మనమే తయారుచేసుకుంటాం, పేరూ వృత్తీ మనమే పెడతాం. 20వ లెవెల్ చేరాక గుడికి వెళ్లి వృత్తి మార్చుకోవచ్చు. అప్పుడు లెవెల్ ఒకటికి, బలం సగానికి పడిపోతాయి, నేర్చిన మంత్రాలు మాత్రం ఉంటాయి. కత్తి పట్టిన యోధుడి నోట మంత్రం పలికించాలంటే ఇదే దారి. ఏ ఇద్దరి జట్టూ ఒకేలా ఉండదు కాబట్టి మర్నాడు బడిలో చెప్పుకోవడానికి కబుర్లకు కొదవ లేదు.

ఆట బాగున్నంత మాత్రాన చాలదనడానికి అమెరికా సాక్ష్యం. 1989లో డ్రాగన్ వారియర్ పేరుతో అక్కడికి వెళ్తే ఆశించినంత అమ్ముడుపోలేదు. మిగిలిన వాటిని నింటెండో తన పత్రిక చందాదారులకు ఉచితంగా పంచింది. మూడేళ్ల నాటి బొమ్మలు అప్పటికే పాతబడ్డాయి, పైగా వారం వారం ఊరించే జంప్ లాంటి పత్రిక అక్కడ లేదు. ఆటగాళ్లను పట్టి ఉంచేందుకు అమెరికన్ సంస్థలు తమ దారి తాము వెతుక్కున్నాయి. 2011 నాటి స్కైరిమ్ అనే గేమ్‌కు మార్పులు చేసుకునే పనిముట్లను బెథెస్డా సంస్థ మరుసటి ఏడాదే ఆటగాళ్ల చేతికిచ్చింది. వాళ్లు కొత్త కథలూ ఊళ్లూ కల్పిస్తూ వచ్చారు. 2023 నాటికి ఆ గేమ్ 6 కోట్ల కాపీలు దాటింది.

డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగం చివర్లో ఒక మెలిక ఉంది. మనం నడిపిన హీరోయే మొదటి ఆటలో పూర్వగాథగా విన్న వీరుడు లోటో అని తేలుతుంది. అది తెలిశాక మొదటి ఆటను మళ్లీ తీయబుద్ధి కాకుండా ఉంటుందా? ప్రచురణ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ 2024 నవంబరులో కొత్త హంగులతో ముందు మూడో భాగాన్నే విడుదల చేసి, మొదటి రెండింటినీ 2025 అక్టోబరులో తెచ్చింది. కథ జరిగిన వరసకు అది సరే. లోటో పేరే వినని కొత్తవాళ్లకు మాత్రం ఆ మెలిక మెలికే కాదు. నన్నడిగితే మొదటిదే ముందు ఇవ్వాల్సింది.