ముందే సర్దిన బల్ల: స్వరలేఖన సాధనాల్లో వస్తురూపాల సమస్య

సాధనాలను గురించి మాట్లాడేటప్పుడు మన అభ్యుదయ సాహిత్యకారులలో రెండు ధోరణులు కనిపిస్తున్నవి. పనిముట్టుకు వర్గం లేదు, ఎవరి చేతిలో వుంటే వారిదేనన్నది ఒకటి. పెట్టుబడిదారీ దేశాల్లో పుట్టిన ప్రతి పనిముట్టూ మన సంస్కృతిని మింగడానికే వచ్చిందన్నది రెండవది. మొదటివారు కొడవలిని చూసి అన్ని పనిముట్ల గురించీ తీర్పు చెబుతున్నారు. రెండవవారు ఏ పనిముట్టునూ చూడకుండానే చెబుతున్నారు. నేనిక్కడ ఒక్క పనిముట్టునే తీసుకుంటాను. పాటను స్వరాలుగా రాసిపెట్టే కంప్యూటరు సాఫ్ట్‌వేరు అది. అందులో కూడా నా దృష్టి దాని తెర మీదనే. పనివాడు కూర్చోగానే బల్ల మీద ఏది పరిచి వుంటుంది, ఏది సొరుగులో వుంటుంది, దేన్ని తన వీలుకొద్దీ మార్చుకోనిస్తుంది అన్నదే ప్రశ్న. సాహిత్య విమర్శకు ఇదేం వస్తువని కొందరు అనవచ్చు. వస్తువుకూ రూపానికీ మధ్య పెనుగులాట ఇంత నగ్నంగా కనబడే చోటు నాకీమధ్య మరొకటి తగలలేదు.

విషయం మైత్రీవనంలో మొదలయింది. అమీర్‌పేటలో ఆ చోటెలాంటిదో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మన తరగతి గదుల్లోంచి పట్టాలు పుచ్చుకుని వెళ్ళినవారిలో చాలామంది ఏదో ఒక ఏడు అక్కడి హాస్టలు గదుల్లో గడిపినవారే. జావా, ఒరాకిల్ బోర్డుల పక్కన ఇప్పుడు తెరల రూపకల్పన నేర్పుతామనే బోర్డులు కూడా వేలాడుతున్నవి. ఆ విద్య నేర్చుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు నల్లగొండ జిల్లావాడు. తన నాయనమ్మ పాడే నాటుపాటను ఫోనులో పట్టుకొచ్చి, మ్యూజ్‌స్కోరు అనే సాఫ్ట్‌వేరులో స్వరలిపిగా రాసి, నన్ను పిలిచి వినిపించాడు. యంత్రం పియానో గొంతుతో ఆ పాటను పాడింది. పాట కుంటింది. ప్రతి చరణం చివరా ఒక దెబ్బ మిగిలిపోయి, గాలిలో వేలాడింది.

"మా నాయనమ్మ తాళం తప్పిందేమో సార్, వయసు మీదపడింది" అన్నాడు.

ఆమె తాళం తప్పలేదు. పాట ఏడు మాత్రల నడకలో వున్నది. తెర మీద ముందే పరిచివున్న కొలత నాలుగు. కొత్త కాగితం తెరిస్తే ఆ సాఫ్ట్‌వేరు ఇచ్చేది నాలుగు దెబ్బల గడులు, అలాంటివి ముప్ఫైరెండు. వేగం చెప్పకపోతే నిమిషానికి 120 దెబ్బల చొప్పున వాయిస్తుంది. మన కుర్రవాడు ఏడు మాత్రల పాటకు చివర ఒక విరామం అతికి ఎనిమిది చేసి, ఆ గడుల్లోకి దిగ్గొట్టాడు. కొలత మార్చుకోవడం కష్టమా అంటే కానేకాదు. అదే తెర మీద రెండు అంకెలు మారిస్తే ఏడు వస్తుంది. కాని మార్చాలని అతనికి తోచలేదు. యంత్రాన్ని అనుమానించడానికి ముందు నాయనమ్మను అనుమానించాడు. నా అభియోగమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే వున్నది.

డిఫాల్టును సమర్థించేవారి వాదం తేలికగా కొట్టివేయదగింది కాదు. వందల పరికరాలు ఒకేసారి తెర మీద పోస్తే కొత్తవాడు బెదిరిపోతాడు. కాబట్టి ఎక్కువమందికి ఎక్కువసార్లు అవసరమయ్యేవి ముందుంచి తక్కినవి లోపల పెడతారు. మ్యూజ్‌స్కోరు పాత రూపాల్లో 'ప్రాథమికం' అనీ, 'ఉన్నతం' అనీ రెండు బల్లలుండేవి. ఇది వంటింటి న్యాయమే. ఉప్పూ పసుపూ చేతికందేచోట వుంటవి, ఇంగువ పై అరలో వుంటుంది. అయితే ఎవరి వంటిల్లు? 'ఎక్కువమంది' అన్నప్పుడు ఎవరిని లెక్కించారు? ఈ ప్రశ్నకు తెరే జవాబు చెబుతుంది.

స్వరస్థాయిని నిర్ణయించే గుర్తుల అర చూడండి. సామాన్యంగా ఇలాంటి సాఫ్ట్‌వేరుల్లో అక్కడ పదిహేను గుర్తులుంటవి: ఏ గుర్తూ లేనిది ఒకటి, తీవ్ర స్వరాలవి ఏడు, కోమల స్వరాలవి ఏడు. మన షడ్జాన్ని ఒకచోట నిలిపి లెక్క వేస్తే, డెబ్బైరెండు మేళకర్తలలో ఈ గుర్తులకు అతుక్కునేవి ఆరు: శంకరాభరణం, కల్యాణి, హరికాంభోజి, ఖరహరప్రియ, నటభైరవి, తోడి. మిగతా అరవైఆరింటికి ఆ అరలో చోటు లేదు. పిల్లలకు మొట్టమొదట సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళకే లేదు! రిషభ ధైవతాలు రెండూ శుద్ధంగానూ, గాంధార నిషాదాలు పైన నిలబడీ వుండే ఆ అమరిక ఆ పదిహేనింటిలో దేనికీ పొసగదు. సొంత గుర్తు తయారుచేసుకునే వసతి వున్నది, అది వేరే గదిలో వున్నది. మన పిల్లవాడి మొదటి పాఠం వారి లెక్కలో 'ఉన్నత' విద్య అయింది.

అక్షరాల మాట ఇంకా విచిత్రం. మ్యూజ్‌స్కోరులో స్వరం వేయడానికి ఏ నుంచి జీ దాకా ఆంగ్లాక్షరాలు నొక్కాలి. మనవాడు చెవితో 'సా' వింటాడు, మనసులో 'సీ' అనుకుంటాడు, వేలితో సీ నొక్కుతాడు. సాహిత్యం రాయవలసి వచ్చినప్పుడు తెలుగు కీబోర్డుకు మారుతాడు. మీటలు మార్చుకోవచ్చునుగదా అంటారు. నిజమే, మార్చుకోవచ్చు. మేమిద్దరం కూర్చుని స రి గ మ లను వాటి ఆంగ్లాక్షరాలకు కట్టబోయాం. ఎస్ నొక్కితే స్వరాలను కలిపే వంపుగీత వస్తుంది. ఆర్ నొక్కితే ముందున్నది మళ్ళీ వస్తుంది. ఎన్ స్వరలేఖనలోకి ప్రవేశించే ద్వారం. జీ, డీ వేరే స్వరాల పేర్లు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ముందే కాపురమున్నారు. మనం దిగాలంటే ఒక్కొక్కరినే ఖాళీ చేయించాలి. ఖాళీ చేయించాం కూడా. ఆ తరువాత అతను కొన్న పాఠంలోని సూచన ఒక్కటీ అతని యంత్రంలో పనిచేయలేదు. మార్చుకునే స్వేచ్ఛకు ధర ఇది: నలుగురూ వాడే బల్ల నుంచి వెలివడడం.

ఇదంతా తెలుగు సాహిత్యవిద్యార్థికి కొత్త కథ కాదు. వ్యావహారిక భాషోద్యమ కాలంలో బడిలో గ్రాంథికమే డిఫాల్టు. పరీక్షలో వ్యావహారికంలో కూడా వ్యాసం రాయవచ్చునని ఒక దశలో అనుమతి వచ్చింది, పండితుల ఒత్తిడికి మళ్ళీ పోయింది. ఆ వున్నన్నాళ్ళయినా ఏ పిల్లవాడికి ధైర్యం? పాఠ్యపుస్తకం గ్రాంథికం, పంతులు గ్రాంథికం, దిద్దేవాడు గ్రాంథికం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాయవలసివచ్చిందంటే, గిడుగు జీవితమంతా పోరాడవలసివచ్చిందంటే, వారు అడిగినది ఐచ్ఛికమనే మూల కుర్చీ కాదు కాబట్టే. ఐచ్ఛికాన్ని ఎన్నుకోవాలంటే తాను మామూలు కంటె వేరని మనిషికి ముందే తెలిసివుండాలి. నాటుపాటకు వేరే కొలత వున్నదని ఎన్నడూ వినని కుర్రవాడికి కొలత మార్చుకునే బొత్తాం వున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక్కడ మన సంప్రదాయవాదులు లేచి, అందుకే మన స్వరలిపి మనకుండాలంటారు. సరే, దాన్ని కూడా చూద్దాం. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. దానికి ముందు 1890లలో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించే ప్రయత్నం చేశారు. దీక్షితులవారు వేసిన బల్ల ఎంత పొందికైనదో గమనించాలి. హ్రస్వ దీర్ఘాలే కాలాన్ని చెబుతవి: స ఒకటి, సా రెండు. రాగం పేరు తలకట్టున పెడితే లోపలి 'రి' ఏ రిషభమో వేరే చెప్పనక్కరలేదు. స్వరం నెత్తిన కంపితానికొక గుర్తు, నొక్కుకొకటి, ఎక్కుజారుకొక ఏటవాలు గీత, దిగుజారుకు దాని ఎదురు గీత. ఏ స్వరం ఎలా వణకాలో కాగితం మీద చూపడానికి ఆయన పడ్డ శ్రమ సామాన్యమైంది కాదు. పన్నెండు సమాన మెట్లను పునాదిగా పెట్టుకున్న నేటి యంత్రం ఆ గుర్తులు వేయడానికి చోటివ్వగలదేమోగాని, తనంత తాను వాటిని పాడలేదు. ఆ దిశలో కర్ణాటక సంగీతాన్నే మొదటి వాడుకరిగా భావించి ఎం. సుబ్రమణియన్ రూపొందించిన 'గాయక' వంటివి వున్నవి. వాటి విలువ మనవారు ఇంకా గుర్తించలేదు.

కాని ఆ తరువాత ఏమయింది? మనం బజారులో కొనే స్వరపుస్తకాల్లో దీక్షితుల గమక చిహ్నాలు దాదాపు మాయమైనవి, వట్టి స రి గ మలు మిగిలినవి. గురువు దగ్గర కూర్చున్నవాడికి గుర్తులు అక్కర్లేదు, కూర్చోనివ్వనివాడికి పుస్తకం దొరికినా పాట దొరకదు. ముందే సర్దిన బల్ల మీద ఏది వుండకూడదో నిర్ణయించే హక్కు కూడా అధికారమే. మరొక మాట: ఆ మహాగ్రంథంలో నాట్లు వేసే ఆడవారికి చోటు లేదు. అది ఆస్థానాల, దేవాలయాల సంగీతానికి వేసిన బల్ల. నాయనమ్మ పాటను అందులోకి తెచ్చినా, ఇది ఏ రాగమని మొదటి ప్రశ్న వస్తుంది. నాలుగు స్వరాల్లో తిరిగే ఆ పాటకు ఒక రాగం పేరు తగిలించి, తక్కిన స్వరాలు 'లోపించినవి' అంటారు. తెల్లవాడి తెర ఆమెకు తాళం రాదన్నది. మన తెర ఆమెకు స్వరాలు చాలవంటుంది. కాబట్టి ఈ తగాదాను తూర్పుపడమరల తగాదాగా చూపించేవారి మాట నేనంగీకరించను.

అయితే యంత్రాన్ని పారవేయాలా? అది విమర్శ కాదు, అలక. మ్యూజ్‌స్కోరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దాని మూలరచన ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. సొంతదారు వున్న సాధనాల గతి వేరు. 1988లో వచ్చిన ఫినాలే మీద తరాల సంగీతకారులు తమ చేతివాటానికి తగ్గట్టు బల్లలు సర్దుకున్నారు. 2024 ఆగస్టులో దాని అభివృద్ధిని ఆపివేస్తున్నామని కంపెనీ ఒక ప్రకటన చేసింది. ముప్ఫైఅయిదేళ్ళ చేతివాటం ఒక్క రోజులో పాతబడింది. అద్దె ఇంటికి వేసుకున్న సొంత అరలు అలాగే వుంటవి. 2012లో సిబేలియస్ నుంచి తొలగింపుకు గురైన లండను బృందం వేరే కంపెనీలో చేరి 2016లో డొరికోను తెచ్చింది. అది పనిని అయిదు దశలుగా విడగొట్టి, ఒక్కొక్క దశకూ వేరే బల్ల వేసింది: ఏర్పాటు, రచన, అచ్చుకూర్పు, వాదన, ముద్రణ. చాలా తెలివైన విభజన; తెరల రూపకల్పన నేర్చుకునేవారు చూడదగింది. కాని ఆ అయిదింటిలో 'వినడం' అనే దశ లేదు. పాట స్వరకర్త తలలోంచి వస్తుందని వారి నమ్మకం. పొలంలోంచి, ఫోనులోంచి, వందసార్లు వెనక్కి తిప్పి విన్న గొంతులోంచి వచ్చేదాన్ని రాసుకునేవాడికి మొదటి పని వినడమే. ప్రజానాట్యమండలి పాటల్ని సేకరించి భద్రపరచాలని మన సభల్లో తరచు అనుకుంటున్నాం. సాహిత్యం పుస్తకాలకెక్కుతున్నది, వరస మాత్రం పాడినవారితోనే పోతున్నది. ఎవరైనా రాయడానికి పూనుకుంటే వారికి పనికొచ్చే బల్ల ఎలా వుండాలన్న ప్రశ్న ఇప్పటికీ ఎవరూ వేయలేదు.

మార్చుకోవడం ఒంటరివాడి పనిగా వున్నంతకాలం అది భోగమే. మార్చుకున్న బల్లను ఫైలుగా దాచి పదిమందికివ్వగలిగినప్పుడు దాని స్వభావం మారుతుంది. మేము చేసింది చిన్న పని. మీటల జోలి వదిలేశాం. పాఠాలు చెడకుండా వుండడం ముఖ్యమనిపించింది. అయిదు, ఏడు మాత్రల గడులు ముందుంచి, నాలుగును లోపలికి నెట్టి, మాయామాళవగౌళ గుర్తును మొదట పెట్టి, స్వరం కింద తెలుగులో స రి గ లు, దాని కింద సాహిత్యం వచ్చేలా ఒక నమూనా కాగితం తయారుచేశాం. జారుగీతలు ఒక చిన్న అరలో చేర్చాం. పెన్‌డ్రైవులో అది ఇప్పుడు మైత్రీవనం హాస్టలు గదుల్లో ముగ్గురు నలుగురి దగ్గర వున్నది. ఇది కూడా డిఫాల్టే, దీని పక్షపాతాలు దీనికున్నవి. మూడు మాత్రల పాట తెచ్చినవాడు రేపు మమ్మల్ని తిట్టవచ్చు.

నాయనమ్మ పాట ఇప్పుడు కుంటడం లేదు. కాని ఆ ఏడును ఎలా విరవాలన్న దగ్గర నాకూ కుర్రవాడికీ పొత్తు కుదరలేదు. ముత్యాలసరాల అలవాటు వల్లనేమో, నాకు మూడూ నాలుగుగా వినబడుతున్నది. నాట్లు వేసేటప్పుడు నడుం వంచే దెబ్బ ఎక్కడ పడుతుందో తాను చూశాననీ, అది నాలుగూ మూడేననీ అతనంటాడు. నేను పొలంలో దిగలేదు. నమూనాలో రెండు విరుపులూ పెట్టాం. ఏది ముందుండాలో ఇంకా తేలలేదు.