నిన్న వండిన బియ్యం ఎక్కడివి?

యానాంలోని మెట్టకూరులో గుమ్మం ముందు నిలబడి “నెలకి ఆదాయం ఎంతండీ?” అని అడిగితే నిజం చెప్పేవాళ్లు తక్కువ. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. కాగితం, పెన్నూ పట్టుకుని వీధిలోకి వచ్చిన ప్రతి మనిషీ ఇదివరకు ఏదో ఒక జాబితా రాయడానికే వచ్చాడు. ఇళ్ల స్థలాలకో, తుపాను సాయానికో, పింఛనుకో. కాబట్టి ఆదాయం అడిగితే అంకె కిందికి దిగుతుంది, అప్పు అడిగితే పైకెక్కుతుంది. డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎం.ఏ. చేస్తున్న మా మేనకోడలు ప్రాజెక్టు కోసం వచ్చి ఈ సంగతి తొందరగానే పసిగట్టింది. “మావయ్యా, వీధి వీధంతా ఒకటే జీతంలా ఉందే!” అంది.

తను తీసుకున్న అంశం రీజెన్సీ సిరామిక్స్ మూతపడ్డాక ఆ ఫ్యాక్టరీ మీద బతికిన ఇళ్ల సంగతి. 2012 జనవరి 27న యానాంలో జరిగిన గొడవల్లో ఒక కార్మిక నాయకుడు, కంపెనీ ప్రెసిడెంటు ఒకే రోజు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ ఒక్క రోజు గురించి పేపర్లు పేజీలకి పేజీలు రాశాయి. ఆ మర్నాటి నుంచి ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో రాసినవాళ్లు తక్కువ. అంశం నాకు నచ్చింది అందుకే.

కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. బంగారు రంగు అక్షరాల బైండు ప్రాజెక్టులు చాలా చూశాను. చివరి అధ్యాయం అన్నిటికీ ఒకటే: సూచనలు. ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి, అవగాహన కల్పించాలి, బ్యాంకులు రుణాలివ్వాలి. ఊరి పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టినా తేడా తెలీదు. ఎవర్ని, ఏ మాటతో, ఏ పూట అడిగారన్నది మాత్రం అర పేజీకి మించదు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. సూచనలు అర పేజీ చాలు. అడిగిన తీరుకే అధ్యాయం కావాలి.

ఎందుకంటారా? యానాంనే చూడండి. 30 చదరపు కిలోమీటర్ల జిల్లా, 2011 లెక్కల్లో 55,626 మంది జనం. చుట్టూ ఆంధ్ర, పాలన మాత్రం 800 కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరి నుంచి. జిల్లా మొత్తం ఒకే మునిసిపాలిటీ కాబట్టి జనాభా లెక్కల్లో ఇక్కడ గ్రామమన్నదే లేదు. మెట్టకూరు చూడ్డానికి ఎలా ఉన్నా కాగితం మీద పట్టణమే. దాంతో 2005 నాటి ఉపాధి హామీ చట్టం పొలిమేర దాటి ఇటు రాలేదు. అటుపక్క తాళ్లరేవు మండలంలో జాబ్ కార్డు ఉన్న ఇల్లాలికి ఇటుపక్క స్వయానా చెల్లెలు ఉండొచ్చు, ఆవిడకి ఆ కార్డు లేదు. మా పిల్ల యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న ఫారంలో ‘ఉపాధి హామీలో ఎన్ని రోజులు పనిచేశారు?’ అని ఒక ప్రశ్న ఉంది. మెట్టకూరులో అందరూ ‘సున్నా’ అంటారు. ఆ సున్నాలన్నీ కూడి, పథకం విఫలమైందని రాసేసే మేధావులు మనకి కొత్త కాదు.

రేషన్ సంగతి ఇంకా చిత్రం. 2015 సెప్టెంబరులో పుదుచ్చేరిలో కేంద్రం ఇచ్చే ఆహార సబ్సిడీని బియ్యంగా కాక డబ్బుగా బ్యాంకు ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. చండీగఢ్‌లోనూ, ఆ తర్వాత దాద్రా నగర్ హవేలీలోనూ అంతే. కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు నీతి ఆయోగ్ కోసం ఈ మూడు చోట్లా ఇళ్లకి వెళ్లి అడిగారు. ప్రభుత్వ రికార్డు ప్రకారం డబ్బు చేరని కేసులు ఒక శాతం లోపే. ఇళ్లలో అడిగితే సుమారు ఐదో వంతు మంది మాకు రాలేదన్నారు. ఎవరిది అబద్ధం? చాలావరకు ఎవరిదీ కాదు. డబ్బు పడింది, కానీ ఏ ఖాతాలో పడిందో, ఎప్పుడు పడిందో ఇంట్లోవాళ్లకి తెలీదు. ‘డబ్బు పంపారా’ అన్నది ఒక ప్రశ్న, ‘డబ్బు అందిందా’ అన్నది వేరే ప్రశ్న. ఆఫీసు మొదటిదానికి జవాబు చెప్పింది, ఇల్లాలు రెండోదానికి చెప్పింది.

ఈ అధ్యయనం చదివాక మా పిల్ల ‘రేషన్ వస్తోందా?’ అన్న ప్రశ్న కొట్టేసింది. దాని చోట “నిన్న వండిన బియ్యం ఎక్కడివి మామ్మగారూ?” అని పెట్టుకుంది. ఆ ప్రశ్నతో కథలే బయటికొచ్చాయి. ఒకరివి కొట్టు నుంచి కొన్నవి. ఒకరివి పొలిమేర అవతలున్న ఆడపడుచు పంపినవి. ఒకావిడ “కువైట్ బియ్యవమ్మా” అని నవ్వింది. అంటే కువైట్‌లో ఇంటిపని చేస్తున్న కూతురు పంపిన డబ్బుతో కొన్నవని.

ఆ నవ్వుతో ఇంకో చిక్కొచ్చి పడింది. ఆ కూతురు ఈ ఇంటి మనిషా, కాదా? సర్వేల లెక్కన ఇల్లంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. ఆర్నెల్లకి పైగా ఊళ్లో లేనివాళ్లని సాధారణంగా తీసేస్తారు. తీసేస్తే ఈ ఇంట్లో సంపాదించేవాళ్లెవరూ లేరు, కానీ రెండు పూటలా అన్నం ఉడుకుతోంది. కలిపితే ఇంటి యజమానురాలు సముద్రం అవతల ఉంది. ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్లు ఇంతమంది ఉన్న చోట దీన్ని ఫుట్‌నోట్‌లో పడేస్తే కుదరదు. మా పిల్ల రెండు విధాలా లెక్క కట్టి, రెండూ పక్కపక్కన పెట్టింది. నాకు ఆ రెండు వరసల పట్టికే ప్రాజెక్టంతటిలోకీ విలువైందనిపిస్తుంది.

ఇదంతా కొత్త విద్యేం కాదు. మద్రాసు యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ గిల్బర్ట్ స్లేటర్ 1916లో విద్యార్థుల చేతిలో ప్రశ్నల పట్టిక పెట్టి, సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లని పంపాడు. అలా రాయించిన ఊళ్లలో మన కొవ్వూరు ప్రాంతపు ఊనగట్ల ఒకటి, అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది. 1918లో పుస్తకమైంది. ఇరవయ్యేళ్ల తర్వాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే ఊళ్లని మళ్లీ సర్వే చేయించి 1940లో అచ్చేశారు. పుచ్చలపల్లి సుందరయ్య సీపీఎం ప్రధాన కార్యదర్శిగా ఉంటూనే 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలోనూ, కాజ గ్రామంలోనూ ఎవరికెంత భూమి, ఎవరు ఎవరి దగ్గర పనిచేస్తారు అని లెక్కలు తీయించారు. 2005-06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్లు అనంతవరం మళ్లీ వెళ్లారు. మహబూబ్‌నగర్ జిల్లా డోకూరులోనైతే ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1975లోనే మనిషిని ఊళ్లోనే కాపురం పెట్టించింది. ఇంటి మనిషిలా మెలిగేవాడి దగ్గర ఆదాయం దాచడం కష్టం కదా.

మళ్లీ వెళ్లగలిగారంటే కారణం ముందువాళ్లు ఏం అడిగారో, ఎవర్ని అడిగారో రాసిపెట్టడమే. స్లేటర్ సూచనలు ఇవాళ ఎవరికి పని? ఆయన విద్యార్థులు రాసుకొచ్చిన కూలి రేట్ల కోసం మాత్రం ఇప్పటికీ వెతుక్కుంటారు.

ఫీల్డు పని ముగించడం వేరే కళ. ఫీల్డు రుచి తగిలిన పిల్లలకి ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు అని యావ పుడుతుంది. మా పిల్లకీ పుట్టింది. ఇంటర్వ్యూల్లో జవాబు ముందే తెలిసిపోతోందంటే ఆపేసే వేళైందని చెప్పాను. అయితే అన్ని పూటలా అడిగాక తెలియాలి ఆ మాట. మంగళవారం యానాం సంత, ఆ రోజు ఇళ్ల దగ్గర దొరికేది ముసలివాళ్లే. పనికెళ్లే మగవాళ్లు చీకటిపడితే గానీ దొరకరు. పగటిపూటే తిరిగి ‘నమూనా’ అంటే అది పగలు ఖాళీగా ఉన్నవాళ్ల నమూనా.

ప్రాజెక్టు గైడుతో మాత్రం తగువు తప్పలేదు. సూచనల అధ్యాయం లేకపోతే ఎలా అని ఆయన, రాయడానికి తనకున్నది ఒకటే సూచన అని ఈ పిల్ల. ఆ ఒక్కటీ ఇది: యానాంలో సర్వేకి వచ్చేవాళ్లు పల్లెల కోసం తయారైన ఫారం వాడకూడదు, ఇంట్లో లేకపోయినా ఇంటిని పోషిస్తున్నవాళ్ల కోసం ఒక గడి ప్రత్యేకంగా గీయాలి. ఆయన పేజీన్నర అయితే సరే అన్నారు. ప్రశ్నల ఫారం, మార్చిన ప్రశ్నలు, కొట్టేసిన ప్రశ్నలు, ఎందుకు కొట్టేసిందో ఆ కారణాలతో సహా రెండో అధ్యాయంలో పెట్టింది. అచ్చుకిచ్చే ముందు మెట్టకూరులో వాటిని తెలుగులో చదివి వినిపించింది. కువైట్ బియ్యం మామ్మగారు అంతా విని, “బంగారం సంగతి అడగలేదేం?” అంది. ఏ బంగారమంటే, ఫ్యాక్టరీ ఆగిన ఏడాది ఈ వీధిలో సగం మెడలు బోసిపోయాయంది. ఫారంలో తాకట్టు గురించి ఒక్క ప్రశ్నా లేదు. అచ్చు వారం వెనక్కి వెళ్లింది.