గోడ మీద పాల లెక్క

మేస్త్రీ తాపీని తిరగేసి పట్టుకుని, పిడితో గోడను కొట్టుకుంటూ నడిచాడు. సావిట్లో మూల నుంచి మొదలుపెట్టి వీధి గుమ్మం దాకా. పైన గట్టిగానే పలికింది. నడుం ఎత్తుకు దిగువన మాత్రం ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా మోగింది. “చూశారామ్మా, సిమెంటు గోడని వదిలేసింది. దేనిపాటికది నిలబడుంది,” అన్నాడు. పగుల్లోకి తాపీ మొన దూర్చి ఒక్క తిప్పు తిప్పితే పళ్ళెమంత పెళ్ళ ఊడి కింద పడింది. లోపలి ఇటుకను వేలితో తాకాను. కుంకుమలా రాలింది.

మాది కోనసీమ. ఇల్లు మా తాతగారు కట్టించిన మండువా లోగిలి. పదిహేనేళ్ళ కిందట, చెమ్మకి సున్నం పొడిపొడిగా రాలుతోందని అన్నయ్యా నేనూ కలిసి వంటిల్లు తప్ప మిగతా కింది గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించి, పైన ప్లాస్టిక్ పెయింటు వేయించాం. ఇంటి మీద ప్రేమతోనే చేశాం. ఆ పని ఇంటికి ఎంత చెరుపు చేసిందో ఇప్పుడు నా కాళ్ళ దగ్గర ముక్కలై పడి ఉంది.

పాత గోడల సంగతి నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అప్పట్లో కట్టిన ఇళ్ళు చాలావాటికి పునాది మీద చెమ్మను ఆపే అడ్డుపొర ఉండదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ తడిని అడ్డుకోదు, గాలిలోకి వదిలేస్తుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు పూతలోనే పేరుకుని పూత రాలుతుంది, ఇటుక మిగులుతుంది. రాలడం సున్నం తప్పు కాదు, దాని పనే అది. నాలుగేళ్ళకోసారి కింద మూరెడు మేర కొత్త సున్నం పూస్తే సరిపోయేది. దాని మీద మేం గట్టి సిమెంటు కప్పాం. తడికి బయటికి దారి లేక ఇంకా పైకి ఎక్కింది. ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకనే పిండి చేసింది. మెత్తటి గోడ మీద అంతకన్నా గట్టి పూత వేయకూడదని మేస్త్రీకి వాళ్ళ నాన్న చెప్పాడట. మేం అప్పుడు ఎవరినీ అడగలేదు.

అసలు ఇంత తడి ఎక్కడిది? దీనికి జవాబు వీధిలో ఉంది. తాతగారి రోజుల్లో వీధిలోంచి అరుగు మీదికి ఐదు మెట్లు. నా పెళ్ళినాటికి మూడు. ఇప్పుడు ఒకటి. ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. పాతది తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు, మళ్ళీ దాని మీద ఇంకొకటి. మన పల్లెల్లో పాత వీధి ఏదైనా చూడండి, ఇళ్ళు గోతిలో కూర్చున్నట్టుంటాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. వానాకాలం రోడ్డు మీది నీళ్ళు అరుగు కిందికే చేరతాయి. పైగా మండువాలో నాలుగు చూర్ల నీళ్ళూ పడి వీధిలోకి పోయే తూము కూడా రోడ్డు కంటే కిందికి వెళ్ళిపోయింది. నీళ్ళు వెనక్కి తన్ని, నట్టింట్లో రెండు రోజులు నిలిచేవి.

మండువా మీద రేకులు వేసేయమని చాలామంది సలహా ఇచ్చారు. కోతుల బెడద ఉండదు, దొంగల భయం ఉండదు అని. ఇంట్లోకి వెలుగూ గాలీ వచ్చేది అక్కడి నుంచే, దాన్ని మూస్తే పగలు కూడా లైటు వేసుకోవాలి. ఇనుప ఊచలు మాత్రం బిగించి, తూమును వీధి వైపు మూసేసి పెరట్లోకి తిప్పాం. కొబ్బరిచెట్ల మొదట్లో ఇంకుడు గుంత తవ్వించాం. మొన్న పెద్దవాన కురిసిన రాత్రి నేను లేచి కూర్చుని చూశాను. నీళ్ళు చప్పుడు చేసుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాయి.

గోడ దగ్గరకొస్తే, మార్చిలో సిమెంటంతా కొట్టించి వేసవి అంతా ఇటుకలను అలాగే వదిలేశాం. చుట్టాలు వచ్చి పని ఆగిపోయిందా అని అడిగారు. ఆగలేదు, గోడ ఆరుతోంది. ఈలోగా మేస్త్రీ పెరట్లో తొట్టె కట్టి, కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేశాడు. చూడాల్సిన దృశ్యం అది. రాయి ముందు బుసకొడుతుంది, తర్వాత చిట్లుతుంది, నిప్పు లేకుండానే తొట్టె కుతకుతా ఉడుకుతుంది. చిందితే కళ్ళకు ప్రమాదం, పిల్లల్ని దరిచేరనివ్వలేదు. చల్లారాక వెన్నలా దిగిన సున్నాన్ని నీటి కిందే నెలరోజులు ఉంచాడు. ఎద్దులు తిప్పే సున్నపు గానుగ ఇప్పుడు మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఇసుక, జల్లించిన ఇటుకపొడి కలిపి కూలీల చేత కాళ్ళతో తొక్కించాడు. ఇటుకపొడి ఉంటే చెమ్మలోనూ సున్నం గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవారని వాళ్ళ నాన్న చెప్పిన మాట తలుచుకుని అవీ పోశాడు. పూత పలచగా వేసి, తడి గోనెలు కప్పి, వారం ఆగి మళ్ళీ పూత. సున్నం గాలి పీల్చుకుంటూ నెలల తరబడి తిరిగి రాయవుతుంది, తొందరపెడితే పగులుతుంది.

అన్నీ పాతవే ఉండాలన్న పట్టుదల నాకు లేదు. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. రాత్రిపూట పెరడు దాటి వెళ్ళాలంటే భయం. అందుకని ఒకప్పుడు గాదె ఉన్న గదిని స్నానాలగది చేశాం. కొత్త గోడ కట్టి, అక్కడ మాత్రం సిమెంటు, టైల్సే. గుమ్మాల రంగు కూడా మార్చాం. ఆకుపచ్చ ఎనామిల్ గీకి తీస్తే లోపల టేకు చెక్కు చెదరలేదు, అవిసె నూనె పట్టించి వదిలేశాం. పైన విరిగిన బంగాళా పెంకులు మారుస్తుంటే కొన్నిటి వెనుక 1865 అన్న ముద్ర కనిపించింది. ఇల్లు అంత పాతదా అని పిల్లలు సంబరపడ్డారు. అది మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది.

చివరికి మిగిలింది వంటింటి గోడ. దానికి సిమెంటు పూయలేదు, డిస్టెంపరు వేసి వదిలేశారు. డిస్టెంపరు మీద సున్నం పట్టదు కాబట్టి గీకించాం. దాంతోపాటు పాత వెల్ల పొరలు కూడా లేచొచ్చాయి. పొయ్యి పక్కన, నా భుజం ఎత్తున, బొగ్గుతో గీసిన గీతలు బయటపడ్డాయి. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం. అలాంటివి వరుసగా ఆరు గుత్తులు, పక్కన రెండు విడి గీతలు. మేస్త్రీ పని ఆపి నన్ను పిలిచాడు, నేను అమ్మని పిలిచాను.

“మీ నాన్నమ్మ పాల లెక్కే ఇది. శేరుకో గీత. నెలాఖరున డబ్బులిచ్చేసి తడిగుడ్డతో తుడిచేసేది. ఈ నెల ఎందుకు తుడవలేదో మరి,” అంది అమ్మ. చెయ్యి చాచి ఆ రెండు విడి గీతల దగ్గర వేలు పెట్టింది కానీ తాకలేదు.

అంతమేర వదిలేసి చుట్టూ వెల్ల వేయిద్దామన్నాను, చిన్న చెక్క చట్రం బిగించి. అమ్మ ఒప్పుకోలేదు. “వంటిల్లే ఇది. సంక్రాంతికి ఆవిడ ఈ గోడకి తన చేత్తో వెల్ల వేసేది. వేయబట్టే కదే ఇన్నాళ్ళు ఉన్నాయి. వెయ్యి బాబూ,” అంది మేస్త్రీతో.

అతను పీచుకుంచె సున్నపు నీళ్ళలో ముంచి పై నుంచి కిందికి లాగాడు. వెల్ల తడిగా ఉన్నంతసేపు పలచగానే ఉంటుంది. గీతలు దాని కింద నల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మ పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నానికి గోడ ఆరి తెల్లబడింది.