పడవ ఎవరికి షికారు?

విజయవాడ పున్నమి ఘాట్‌లో టికెట్టు కొని భవానీ ద్వీపానికి పడవెక్కడం ఇప్పుడు పట్నం సరదా. ఈ సరదాకు సినిమా ఎప్పుడో బాట వేసింది. బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) రెండూ భద్రాచలం వైపు సాగే లాంచీ కథలే. రెంటినీ మేమూ ఇష్టంగా చూశాం. కానీ ఆ దారిలో ఒడ్డునున్న కొండరెడ్ల ఊళ్లకు లాంచీయే బస్సు. కథ మాత్రం యాత్రికులదే.

కృష్ణా డెల్టాలోనూ పడవ మొదట షికారు కాదు. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో ధాన్యమూ జనమూ పడవల మీదే సాగారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవారు. రోడ్లూ రైళ్లూ వచ్చాక ఆ పడవ పోయింది, టికెట్టు పడవ మిగిలింది. ఏట్లో చేపలు పట్టి బతికే యానాది కుటుంబం అది ఎక్కాలంటే ముందు ఇంటి ఖర్చు లెక్క చూసుకోవాలి.

2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లు విహారానికి వచ్చినవాళ్లు. ఆరు నెలలకు, 2018 మే 15న, గోదావరిలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది ఆదివాసులు, విహారానికి ఎక్కినవాళ్లు కారు. లైఫ్ జాకెట్టు షికారుకెళ్లేవారికి ఎంత అవసరమో, సంతకెళ్లేవారికీ అంతే అవసరం.

అందుకే పడవ మీద కథ వచ్చినా, సినిమా వచ్చినా తరగతిలో పిల్లలను ఒక్క మాట అడుగుదాం: ఇందులో పడవ లేకపోతే ఊరు దాటలేనివాళ్లు ఎక్కడున్నారు? కనబడకపోతే ఆ కథ మనమే రాయాలి.