కట్టు కట్టిన చెయ్యి, ఫోన్లో డాక్టరు

శ్రీకాకుళం జిల్లా తీరంలోని భావనపాడులో పడవ అంచుకు తగిలి మణికట్టు దగ్గర ఎముక విరిగితే మొదటి ప్రయాణం ఎవరికీ తప్పదు. టెక్కలి జిల్లా ఆసుపత్రికో, దెబ్బ పెద్దదైతే శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే సర్వజన ఆసుపత్రికో వెళ్లాల్సిందే. ఎముక సరిచేసి పిండికట్టు వేయడం ఫోన్లో అయ్యే పని కాదు. ఆ తర్వాతి రాకపోకలే మనిషిని అరగదీస్తాయి. మళ్లీ రమ్మన్న ప్రతిసారీ రోగితో పాటు ఇంకొకరు వేట మానుకోవాలి. ఆటో, బస్సు, ఓపీ చీటీ, వరుస. తీరా లోపలికి వెళ్తే డాక్టరుగారు చూసేది కొద్ది నిమిషాలే.

ఆ కొద్ది నిమిషాల్లో ఏం చూస్తారు? వేళ్లు వాచాయా, రంగు మారాయా? గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో మళ్లీ రంగు వస్తోందా? ఐదు వేళ్లూ ముడిచి తెరవగలుగుతున్నారా? కట్టు అంచు చర్మాన్ని ఒరుస్తోందా, ఉప్పునీటికి తడిసి మెత్తబడిందా? ఇవన్నీ కంటికి ఆనేవే, కాబట్టి వీడియో కాల్‌లోనూ చూపించవచ్చు. గోరు నొక్కడం ఇంట్లో పిల్లలైనా చేయగలరు.

అయితే చూపించడం కూడా నేర్చుకోవలసిన పనే. చాలా కాల్స్‌లో డాక్టరుకు కనిపించేది రోగి ముఖం. "బాగానే ఉన్నాది బాబూ" అనే మాట తప్ప చెయ్యి కనబడదు. పగటి వెలుతురులో, అరుగు మీద తువ్వాలు పరిచి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టాలి. మంచి చెయ్యి పక్కన ఉంటేనే వాపు ఎంతో తెలుస్తుంది. ఫోను ఇంకొకరు పట్టుకోవాలి, వెలుగు చేతి మీద పడాలి గాని కెమెరాలోకి కాదు.

నిబంధనలూ దీనికి అనుకూలంగానే ఉన్నాయి. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. నేరుగా చూసిన డాక్టరే, అదే జబ్బుకు, 6 నెలల లోపు మళ్లీ మాట్లాడితే దాన్ని తదుపరి సంప్రదింపుగా అవి గుర్తించాయి. దానికి ముందే, 2019 నవంబరులో, ఆరోగ్య కేంద్రాలను దూరపు డాక్టర్లతో కలిపే ఈ-సంజీవని దేశంలో మొదట అమలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇంకా వెనక్కి వెళ్తే చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే ఉపగ్రహం ద్వారా టెలిమెడిసిన్ మొదలైంది. కాబట్టి ఇది మనకు కొత్త విద్య కాదు.

లోటు వేరే చోట ఉంది. ఈ-సంజీవనిలో తెర మీదికి వచ్చే డాక్టరు ఆ ఎముకను సరిచేసిన డాక్టరు కాకపోవచ్చు. జ్వరానికి అది సరిపోతుంది. విరిగిన ఎముకకు, అది ఎలా విరిగిందో, కట్టేటప్పుడు ఎలా కూర్చుందో తెలిసిన మనిషి కావాలి. కట్టు వేసిన డాక్టరే వారంలో ఒక పూట తన రోగులకు ఫోన్లో కేటాయిస్తే, ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఫోను పట్టుకుంటే, ఈ తీరంలో ఎన్నో కుటుంబాలకు వేట రోజులు మిగులుతాయి. ప్రభుత్వం దీన్ని డాక్టరు పనివేళల్లోనే లెక్కగట్టాలి.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో 2011 నుంచి ఇలాంటి పద్ధతి నడుస్తోంది. రోగి ఇంట్లో ఉండగానే నిపుణులు ఎక్స్‌రే పరిశీలించి, చిన్నపాటి ఎముక విరుపులకు ఫోన్లోనే సలహా ఇస్తారు. అక్కడ ఎక్స్‌రే కంప్యూటర్లో ఉంటుంది. మన దగ్గర చాలాచోట్ల అది సంచిలో మడతపడే ఫిల్ము. కిటికీకి ఆనించి ఫొటో తీస్తే మెరుపే తప్ప ఎముక విరిగిన సన్నటి గీత కనిపించదు.

ఆ గీతే ముఖ్యం. వాపు తగ్గేకొద్దీ కట్టు వదులై లోపల ఎముక జారవచ్చు, పెద్దగా నొప్పి లేకుండానే. ఇది మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ. కెమెరాకు అందని సంగతి ఇది. అందుకే సరిచేసి కట్టిన మణికట్టుకు మొదటి వారం, రెండో వారం ఎక్స్‌రేలను వీడియో కాల్ కోసం వదులుకోకూడదు. మాత్రలకు లొంగని నొప్పి, వేళ్లు చాపితే ప్రాణం పోయినంత బాధ, తిమ్మిరి ఉంటే ఫోన్ చేయాల్సింది డాక్టరుకు కాదు, 108కి. అక్కడ గంటలే లెక్క.

సుమారు 6 వారాలకు కట్టు విప్పాక వీడియో నిజంగా అక్కరకొస్తుంది. అప్పటి శత్రువు బిగుసుకుపోయిన కీలు. పిడికిలి బిగించడం, మణికట్టు పైకీ కిందికీ వంచడం, మోచెయ్యి ఒంటికి ఆనించి అరచెయ్యి తిప్పడం డాక్టరు చూస్తుండగా చేయవచ్చు. వల ముడులు వేసే మనిషికి ఆ వేళ్లే జీవనాధారం. బరువైన వల మళ్లీ ఎప్పుడు లాగాలో మాత్రం ఫోన్లో అడిగి తేల్చుకోకూడదు. దానికి ఇంకోసారి టెక్కలి వెళ్లి, ఎక్స్‌రే తీయించుకుని, డాక్టరుగారి చెయ్యి గట్టిగా పట్టి పిండి చూపించాలి.