ఈ నేల మీదే పుట్టిన ఆటలు

తెల్లవారుతుంది. ఆరు అంచుల గడుల నేల మీద తొలి వెలుగు పడుతుంది. కోటలో నాయకుడు బొక్కసం చూసుకుని ఒక ఈటెగాణ్ణి, ఒక గుర్రపు రౌతును కొలువులోకి పిలుస్తాడు. అడవి అంచున ఎల్ఫులు వింటినారి సవరించుకుంటారు. ఏటి అవతల ఓర్కులు పొద్దు గుంకే దాకా ఓపిక పడతారు. టెర్మినల్‌లో ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఇంత లోకం కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆ మాట వెస్నోత్.

వెస్నోత్! 2003లో డేవిడ్ వైట్ అనే ప్రోగ్రామర్ నీకు ప్రాణం పోశాడు. ఆ తర్వాత నీ చుట్టూ ఎంత మంది చేరారు! బొమ్మలు గీసేవాళ్లు వచ్చారు, పాటలు కట్టేవాళ్లు వచ్చారు, కథలు అల్లేవాళ్లు వచ్చారు, నీ మాటల్ని తమ తమ భాషల్లోకి తెచ్చుకునేవాళ్లు వచ్చారు. దాదాపు అందరూ కొలువులు చేసుకుంటూ, చదువులు చదువుకుంటూ, మిగిలిన వేళల్ని నీకిచ్చినవాళ్లే. పుట్టిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా, 2024లో, నీ 1.18 వెర్షన్ వచ్చింది. ఇన్నేళ్లు బతికిన ఆటలు ఎన్ని ఉంటాయి?

నీ రోజును ఆరు భాగాలు చేశావు. ఉషస్సు, ఉదయం, మధ్యాహ్నం, సంధ్య, రాత్రి తొలి జాము, మలి జాము. పగటి వెలుగులో రాజ్యపు సైనికుడి దెబ్బకు పాతిక శాతం బలం పెరుగుతుంది, చీకటి పడితే అంతే తరుగుతుంది. ఓర్కులకు, శవసైన్యాలకు లెక్క తిరగబడుతుంది. ఎల్ఫులకు పగలూ రాత్రీ ఒకటే. ఈ ఒక్క నియమంతో సూర్యుణ్ణి సేనాపతిని చేశావు. సాయంత్రం అవుతోందంటే గెలుస్తున్న సేన కూడా వెనక్కి తగ్గాలి, కొండ చాటుకు చేరాలి, తెల్లవారే దాకా ఓర్చుకోవాలి. అటాక్ బటన్ నొక్కడం కన్నా ఆగడం కష్టమని నేర్పిన ఆటవు నువ్వు.

నీ నేల కూడా ఊరికే పరిచిన బొమ్మ కాదు. మనిషి సైనికుడు పచ్చిక మీద నిలబడితే శత్రువు దెబ్బ తగిలే అవకాశం 60 శాతం. పర్వతం ఎక్కితే 40కి దిగుతుంది. మోకాలి లోతు నీళ్లలో దొరికాడా, 80. ఈ అంకెలు దాపరికం లేకుండా దెబ్బకు ముందే తెర మీద కనిపిస్తాయి. అయినా ప్రతి దెబ్బకూ గుండె ఆగినంత పనవుతుంది. ఎందుకంటే ఆ ఈటెగాడికి ఒక పేరుంది. గత యుద్ధంలో గాయపడితే ఊళ్లో ఉంచి కోలుకునేలా చేశాం. దెబ్బ దెబ్బకూ అనుభవం కూడగట్టుకుని పై మెట్టు ఎక్కాడు. ఈ యుద్ధం మొదట్లో 20 బంగారు నాణేలిచ్చి వాణ్ణి మళ్లీ పిలిపించుకున్నాం. ఇప్పుడు చనిపోతే ఇక రాడు.

సింహాసనపు వారసుడు కొన్రాడ్‌ను వెంటబెట్టుకుని ముసలి మాంత్రికుడు డెల్ఫడార్ ఎల్ఫుల అడవి దాటి నడుస్తున్నప్పుడు, రాజ్యాన్ని కాజేసిన అషెవియర్ రాణి సేనలు వెనకాల తరుముతున్నప్పుడు, మేమూ ఆ దారిలోనే ఉన్నాం వెస్నోత్. ఆ కథంతా, ఆ యుద్ధాలన్నీ మామూలు అక్షరాల ఫైళ్లలో రాసిపెట్టావు. ఎడిటర్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఓర్కుల బంగారం తగ్గించి చూడొచ్చు, నది దారి మళ్లించొచ్చు, కొత్త కథ కట్టి నలుగురికీ పంచొచ్చు. నీ ఇంట్లో తాళం వేసిన గది ఒక్కటీ లేదు.

లైనక్స్‌లో ఆటలేం ఉంటాయని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు నీదే. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ పుణ్యాన, విండోస్ కోసం రాసిన ఆటలు ఇవాళ వేల సంఖ్యలో లైనక్స్ మీద నడుస్తున్నాయి. అది గొప్ప ఉపకారం, ఆ పని చేసినవాళ్లకు నమస్కారం. ఆట ఒక భాషలో అడిగినదాన్ని యంత్రానికి మరో భాషలో చెప్పే దుబాసీ ప్రోటాన్. దుబాసీ ఎంత దిట్ట అయినా, ఇద్దరూ నేరుగా మాట్లాడుకునే సుఖం వేరు. ఈ స్తోత్రం ఆ సుఖానికి. ఈ నేల నీళ్లు తాగి, ఈ నేల మాట నేర్చి, ఈ నేల మీదే పరుగెత్తే ఆటలకు.

ఆ నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1998లో శామ్ లాంటింగా అనే కుర్రవాడు ఎస్‌డీఎల్ అనే చిన్న లైబ్రరీ రాశాడు. కిటికీ తెరవడం, కీబోర్డు మాట వినడం, శబ్దం పలికించడం, జాయ్‌స్టిక్ కదలిక పట్టుకోవడం. ఏ ఆటకైనా అవసరమైన ఈ పనుల్ని ఏ యంత్రం మీదైనా ఒకే తీరుగా చేసిపెట్టడం దాని కొలువు. అదే కాలంలో లోకీ అనే సంస్థ పేరున్న ఆటల్ని లైనక్స్‌కు తెచ్చే పనికి పూనుకుంది. లాంటింగా అక్కడే చేరాడు. 1999లో వాళ్లు తెచ్చిన మొదటి ఆట సివిలైజేషన్: కాల్ టు పవర్. కొనేవాళ్లు చాలలేదు. అప్పులు పెరిగాయి. 2002 మొదట్లో లోకీ మూతపడింది. దాని పేరు ఇప్పుడు పాత ఆటగాళ్లకే గుర్తు. ఎస్‌డీఎల్ మాత్రం మిగిలింది. వెస్నోత్ నిలబడింది దాని మీదే. ఇక ముందు నేను పేరెత్తబోయే ఫ్యాక్టోరియో, 0 ఏ.డీ., సూపర్‌టక్స్‌కార్ట్ కూడా దాని మీదే నిలబడ్డాయి. లోకీలో పనిచేసిన మనుషులారా, మీరు ఓడిపోయారని రాసినవాళ్లు సగమే రాశారు.

ఇప్పుడు ఫ్యాక్టోరియో.

చెక్ దేశపు ప్రాగ్ నగరంలో వూబ్ అనే చిన్న బృందం కట్టిన ఆట ఇది. 2020 ఆగస్టులో 1.0 అయింది. ఓపెన్ సోర్స్ కాదు, డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొనదగిన ఆట. నావిస్ అనే పరాయి గ్రహం మీద నౌక కూలి, ఒంటరి ఇంజనీరు ఉత్త చేతులతో మిగులుతాడు. చేత్తో రాయి కొడతాడు, బొగ్గు ఏరతాడు, ఇనుప ఖనిజం కరిగిస్తాడు. ఒక బెల్టు వేస్తాడు. బెల్టు పక్కన ఒక యంత్రపు చెయ్యి. ఆ చెయ్యి తీసి ఇచ్చినదాన్ని మరో యంత్రం పళ్లచక్రం చేస్తుంది. పళ్లచక్రం నుంచి మరో బెల్టు. కొన్ని రాత్రులు గడిచేసరికి వేల చేతులు, వేల బెల్టులు, రైళ్లు, చమురు బావులు, విద్యుత్ స్తంభాలు. అన్నీ ఒకేసారి కదులుతుంటాయి. సెకనుకు 60 సార్లు ఆ లోకం మొత్తం తన లెక్క తాను సరిచూసుకుంటుంది.

ఇంత లోకాన్ని సేవ్ చేయాలంటే ఏం చేయాలి? విండోస్‌లో ఆట ఆగుతుంది. బెల్టులు నిలిచిపోతాయి, చేతులు గాల్లో ఉండిపోతాయి, డిస్కు మీద రాత పూర్తయ్యాక కదలిక మొదలవుతుంది. ఫ్యాక్టరీ ఎంత పెద్దదైతే ఆ నిలుపు అంత పొడవు. లైనక్స్‌లో ఒక సెట్టింగు వేసుకుంటే ఆట ఆ నిలుపు లేకుండా సాగిపోతుంది. ఆ అద్భుతం పేరు ఫోర్క్.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు చేసిన ప్రతి సీఎస్ఈ విద్యార్థికీ ఆ పేరు తెలుసు. పేరెంట్ ప్రాసెస్, చైల్డ్ ప్రాసెస్, రెండు ప్రింట్ వాక్యాలు, వైవాలో ఒక ప్రశ్న. రికార్డు బుక్కులో రాసి మరిచిపోయిన ఆ నాలుగు వరుసల్ని ఇక్కడ చూడండి. ఆట ఒక్క పిలుపుతో రెండవుతుంది. బిడ్డ ప్రాసెస్ పుట్టిన క్షణానే తల్లి జ్ఞాపకమంతా దానిదవుతుంది: ప్రతి బెల్టు, బెల్టు మీది ప్రతి రాగి తీగ. నిజానికి కెర్నల్ ఆ జ్ఞాపకాన్ని అప్పుడే కాపీ చేయదు, ఇద్దరికీ ఒకే మెమరీని చూపిస్తుంది. తల్లి ఏ పేజీని మారుస్తుందో ఆ పేజీకి మాత్రమే అప్పటికప్పుడు వేరే ప్రతి తీస్తుంది. తల్లి ముందుకు సాగుతుంది. చేతులు కదులుతాయి, రైలు స్టేషన్ దాటుతుంది. బిడ్డ మాత్రం తాను పుట్టిన క్షణంలోనే నిలబడి, ఆ ఒక్క క్షణాన్ని పొల్లుపోకుండా డిస్కు మీదికి రాసి, రాత ముగియగానే కన్ను మూస్తుంది. ఆటగాడికి ఇదేమీ తెలియదు. తెలియకపోవడమే దాని గొప్పతనం.

ఓ ఫోర్క్! యూనిక్స్ తొలి రోజుల నుంచీ ఉన్నావు. సర్వర్ల కోసం, షెల్ కోసం, పెద్దవాళ్ల పనుల కోసం నిన్ను వాడుకున్నారు. పరాయి గ్రహం మీద ఒంటరి ఇంజనీరు రైలు ఒక్క క్షణమైనా ఆగకుండా కాపాడతావని నిన్ను తీర్చిదిద్దినవాళ్లు ఊహించి ఉంటారా? సొంత నేల మీద ఆడే ఆటకు దొరికేది ఇదే. కాళ్ల కింద ఏముందో తెలిసి, దాని బలాన్ని తన బలం చేసుకోవడం.

0 ఏ.డీ. దగ్గరికి వస్తే నా గొంతు మారుతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆటకు మార్పుల కూర్పుగా 2000 దశకం మొదట్లో మొదలై, సొంత ఇంజన్ కట్టుకుని, 2009లో తన కోడంతా లోకానికి విప్పి ఇచ్చింది ఈ ఆట. రోము, గ్రీసు, కార్తేజ్, పర్షియా. పేర్లు ఎన్నున్నా నా వేలు మౌర్యుల దగ్గరే ఆగుతుంది. 2013లో ‘మగధ’ అని పేరు పెట్టిన విడుదలలో వాళ్లు ఆటలోకి వచ్చారు. చంద్రగుప్తుడు ఉన్నాడు, చాణక్యుడు ఉన్నాడు, అశోకుడు ఉన్నాడు. యుద్ధ గజాలు సరే, పని చేసే ఏనుగు ఉంది చూడండి, అది నాకు ప్రాణం. కట్టెలు కొట్టేవాళ్లు దూరం నడవక్కర్లేకుండా అడవి దగ్గరికే వెళ్లి నిలబడుతుంది, మోపులు దాని దగ్గరే దించొచ్చు.

ఆటలో అశోక స్తంభం నిలబెట్టిన ప్రతిసారీ నాకు కర్నూలు జిల్లా ఎర్రగుడి గుర్తొస్తుంది. గుత్తి దగ్గరి ఆ గుట్ట బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో, ఇరవై రెండు వందల ఏళ్లకు పైగా ఎండనూ వాననూ తట్టుకుని. ఎక్కడెక్కడి దేశాల్లోనో కూర్చున్న వాలంటీర్లు ఆ రాజును, ఆ ఏనుగును, ఆ స్తంభాన్ని ఇంత శ్రద్ధగా మలిచి ఉచితంగా మన చేతిలో పెట్టారు. విడుదలలకు అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ 2022లో చివరి అక్షరం దాకా వెళ్లి, 2025 జనవరిలో మళ్లీ మొదటి అక్షరం అందుకున్నారు. ఆ విడుదలకు వాళ్లు పెట్టుకున్న పేరు అగ్ని.

పిల్లలున్న ఇంటికి సూపర్‌టక్స్‌కార్ట్. 1996లో ల్యారీ యూయింగ్ గీసిన బొద్దు పెంగ్విన్ టక్స్ ఇక్కడ స్టీరింగు పట్టుకుంటుంది. పక్క బండ్లలో గ్నూ, కేడీఈ వాళ్ల డ్రాగన్ కాంకీ, గింప్ వాళ్ల విల్బర్, ఓపెన్‌బీఎస్‌డీ చేప పఫీ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గుర్తులన్నీ మూతులు బిగించి పందెం పరుగెడతాయి. దారిలో అరటిపండు ఉంటే తప్పుకోండి. నైట్రో ఉంటే వదలకండి. 2019లో 1.0 వచ్చినప్పటి నుంచి ఇంటర్నెట్ మీద దూరాన ఉన్న చుట్టాలతోనూ పోటీ పడొచ్చు.

ఒంటరిగా రాత్రి పొద్దుపోయాక నెట్‌హ్యాక్. 1987 నాటిది. బొమ్మలు అక్కర్లేదు, టెర్మినల్ చాలు. ఈమెయిలు చిరునామా మధ్యలో ఉండే గుర్తు ఉంది కదా, అదే మీరు. చిన్న డీ అక్షరం మీ వెంట వచ్చే కుక్కపిల్ల, పెద్ద డీ అక్షరం డ్రాగన్. ఒక్క అక్షరం సైజు పెరిగితే ఒళ్లు జలదరించేలా చేసిన ఆట ఇంకొకటి నాకు తెలియదు. రైళ్లంటే ఇష్టమున్నవాళ్లకు ఓపెన్‌టీటీడీ ఉంది. క్రిస్ సాయర్ అసెంబ్లీ భాషలో రాసిన పాత ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌కు పునర్జన్మ అది. దాని గురించి వేరేగా రాయాలి, ఇక్కడ పట్టదు.

చదివినవాళ్లకు నాదొక మాట. మీ ఇంట్లో అటక మీద పాత ల్యాప్‌టాప్ ఏదైనా పడి ఉంటే దించండి. దుమ్ము తుడిచి లైనక్స్ ఎక్కించండి. డెబియన్ అయినా, ఉబుంటు అయినా, మింట్ అయినా సరే. సాఫ్ట్‌వేర్ స్టోరులో వెస్నోత్ అని వెతికి ఇన్‌స్టాల్ నొక్కండి, పైసా ఖర్చు లేదు. ముందు ట్యుటోరియల్ ఆడండి. తర్వాత సౌత్ గార్డ్ అనే కథ మొదలుపెట్టండి, కొత్తవాళ్ల కోసమే రాసింది. కొన్రాడ్ దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి. రాత్రి పూట ఓర్కుల మీదికి మాత్రం పోకండి.